చూద్దాంగారి లైసెన్సు పరీక్ష

బ్రేకుల మాస్టారు సంతకం పెట్టేశారు. చదవకుండా పెట్టి ఉంటే అమాయకుడని సరిపెట్టుకోవచ్చు. ఆయన చదివి మరీ పెట్టారు. అంతకన్నా ఘోరం, ఆ కాగితంలో సగం వాక్యాలు ఆయనే దగ్గరుండి రాయించారు.

కాగితంలో ఉన్నది ఇదీ: వచ్చే ఆదివారం సాయంత్రం ఆరు గంటలకి, భవనం ముందున్న ఖాళీ జాగాలో, అందరి ఎదుటా, మాస్టారి ఇంట్లోని రెండు కుక్కలకీ పరీక్ష. కూర్చో అంటే కూర్చోవాలి. రా అంటే రావాలి. ఆగు అంటే ఆగాలి. ఒక్కటి తప్పినా మర్నాడు పొద్దున్నకల్లా కుక్కలు భవనం విడిచి వెళ్లిపోవాలి.

“ఎవరి తరఫున పెట్టారు సంతకం?” అంది మాస్టారి భార్య. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది కాబట్టి ఆ మాట అనే సమయానికి నోట్లో నాలుగు గుండుసూదులు ఉన్నాయి. మాస్టారికి ఐదోది కూడా తగిలింది. అది మాటలో ఉంది.

“కుక్కల తరఫున.”

“వాళ్లని అడిగారా?”

“కుక్కల్ని అడగడమేమిటోయ్?”

“పోనీ, నన్నడిగారా?”

కుక్కల్ని అడగలేదంటే నవ్వి ఊరుకుంటారు. భార్యని అడగలేదంటే భోజనం దొరకదు.

ఈ మాస్టారు ఇరవై ఆరేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నారు. నేర్చుకునేవాడి చేతిలో స్టీరింగు, మాస్టారి కాలి కింద రెండో బ్రేకు. ఆ కాలు ఎంత అలవాటు పడిపోయిందంటే, టీవీలో ఏ కారు మలుపు తిరిగినా ఇక్కడ నేలని తొక్కేస్తుంది. కింది అంతస్తు పళ్ల డాక్టరు రెండుసార్లు పైకొచ్చి, “మాస్టారూ, మీరు బ్రేకు వేసినప్పుడల్లా మా ఇంట్లో సున్నం రాలుతోందండీ. నేను పేషెంటు నోట్లో చెయ్యి పెట్టి ఉంటాను” అని మొరపెట్టుకున్నాడు.

భార్యది ఆ భవనంలో అందరి బట్టలూ కుట్టే చెయ్యి. బట్టల్ని మిషన్ మీద కుడుతుంది, మొగుణ్ణి మాటలతో కుడుతుంది. మొదటిదానికైనా కొలతలు తీసుకుంటుంది గానీ రెండోదానికి ఆ అవసరం కూడా లేదు.

ఇక కుక్కలు. పెద్దది అధ్యక్షురాలు. గోధుమరంగు, గడ్డం కింద తెలుపు. గదిలోకి ఆవిడ నడిచి వస్తుంటే, లోపల ఏదో సభ జరుగుతోందనీ, ఆలస్యంగా వచ్చింది ఆవిడే అయినా క్షమాపణ చెప్పుకోవలసింది మనమేననీ అనిపిస్తుంది. రెండోవాడు చూద్దాం. నల్లటివాడు. ఒక చెవి నిలువు, ఒక చెవి సెలవు. ఎవరు పిలిచినా తల కొంచెం పక్కకి వంచి, ‘మీ అర్జీ అందింది, చూద్దాం’ అన్నట్టు మొహం పెడతాడు. పేరు అలా వచ్చింది.

ఆరేళ్ల కిందట ఒక వానరోజున ఆ ఇద్దరూ భవనంలోకి వచ్చారు. నాలుగు అంతస్తులూ ఎక్కి, ప్రతి గుమ్మం ముందూ నిలబడి, లోపలి మనుషుల్ని కిందనించి పైదాకా పరిశీలించి, మళ్లీ మూడో అంతస్తుకి దిగి, మిషన్ చప్పుడు వినబడే ఇంట్లోకి నడిచారు. “మనం వాళ్లని పెంచుకోలేదండీ. వాళ్లు మనల్ని ఎంచుకున్నారు” అంటుంది మాస్టారి భార్య.

ఆవిడకీ వాళ్లకీ మధ్య ఒక మర్యాద నడుస్తూ ఉంటుంది. నిద్రపోయే కుక్కని ఆవిడ దాటదు, చుట్టూ తిరిగి వెళుతుంది. నేలమీద గుడ్డ పరిచి కత్తిరిస్తుంటే వాళ్లు దాన్ని తొక్కరు, అంచు దాకా వచ్చి అంచు వెంబడే నడిచి పోతారు. ఆవిడకి జ్వరం వచ్చిన మూడు రోజులూ చూద్దాం మంచం పక్కనించి కదల్లేదు. వాణ్ణి ఉండమని ఎవరూ అనలేదు. తగ్గిన నాలుగో రోజున లేచి వెళ్లిపోయాడు. వాడికి ఎవరూ కృతజ్ఞతలు చెప్పలేదు కూడా. చెబితే బహుశా మొహమాటపడేవాడు.

ఇదంతా మాస్టారికీ ఇష్టమే. కాకపోతే ఆయనకి ఒక్కటే దిగులు. “ఊళ్లో ఎన్ని వేల కాళ్లు నా మాటకి ఆగాయో తెలుసా? ఇంట్లో ఎనిమిది కాళ్లు ఆగవు!”

“మీవి కలిపి పది. మీరు మాత్రం నా మాటకి ఎప్పుడాగారు?” అనేది ఆవిడ.

అసలు గొడవ లిఫ్టులో మొదలైంది. భవనానికి ఒక సెక్రటరీ ఉన్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం సర్క్యులర్లు పంపారు, రిటైరయ్యాక అతికిస్తున్నారు. అందరూ ఆయన్ని సర్క్యులర్‌గారనే అంటారు. ఒక మధ్యాహ్నం ఆయన కూరల సంచీతో వచ్చేసరికి లిఫ్టు మధ్యలో చూద్దాం పడుకుని ఉన్నాడు. “లే!” అన్నారు సర్క్యులర్‌గారు. చూద్దాం తల పక్కకి వంచాడు. అర్జీ అందింది. సర్క్యులర్‌గారు కాసేపు నిర్ణయం కోసం వేచి చూసి, చివరికి సంచీతో నాలుగంతస్తులూ మెట్లెక్కారు.

మర్నాటి మీటింగులో ఆయన లేచి, “అదుపులో లేని జంతువుల గురించి మాట్లాడాలి” అన్నారు.

‘ఎవర్నీ కరవలేదు కదండీ’ అని ఒక్క మాట అంటే అక్కడితో పోయేది. కానీ మాస్టారి చెవికి మిగతా మాటలేవీ వినబడలేదు. ‘అదుపులో లేని’ అన్నదొక్కటే వినబడింది. అదీ ముప్పైమంది ముందు.

“అదుపు లేకపోవడమా? నా ఇంట్లోనా? టెస్టు పెట్టండి సార్! పాసైతే లైసెన్సు ఇవ్వండి, లేకపోతే పంపించెయ్యండి! మూడు వారాల్లో ఎవరికైనా నేర్పుతానని నా బోర్డు మీదే రాసుంది!”

“మీకు మూడు వారాలు కావాలా?”

“వారం చాలు!”

ఇదీ ఆ కాగితం కథ. లోకంలో ఏ చిక్కొచ్చినా టెస్టు పెడితే తీరిపోతుందని నమ్మే మనిషి, తన ఇంటివాళ్లకి తనే టెస్టు పెట్టించి వచ్చాడు.

సోమవారం మాస్టారు ఈల కొన్నారు. హాల్లో నిలబడి ఊదారు. ఎదురింటి తలుపు తెరుచుకుంది, పైఇంటి కిటికీ తెరుచుకుంది, వీధిలో ఒక ఆటో ఆగింది. కుక్కలు మాత్రం కళ్లు కూడా తెరవలేదు.

“ఆటో నేర్చుకుందండీ. దానికివ్వండి లైసెన్సు” అంది ఆవిడ మిషన్ ఆపకుండా.

తర్వాత బిస్కెట్లు వేశారు. జీవితంలో మొదటిసారి అక్షరాలా వేశారు. అధ్యక్షురాలు వాసన చూసి, ఆయన మొహం చూసి, పక్కకి తిరిగింది. వేళగాని వేళ, కారణం చెప్పకుండా ఎవరైనా తినడానికి పెడితే అనుమానించాలని ఆవిడకి తెలుసు. చూద్దాం ఆ బిస్కెట్టుని నోట కరుచుకుని, జాగ్రత్తగా తీసుకెళ్లి, మాస్టారి చెప్పులో పెట్టాడు.

“ఏమిటోయ్ దీని అర్థం?”

“లంచం వాపసు” అంది ఆవిడ.

“వాళ్లు నీ మాటైతే వింటారు. ఒక్కసారి నువ్వు చెప్పు.”

“ఆరేళ్లలో ఒక్కసారి కూడా వాళ్లతో ‘కూర్చో’ అనలేదు. ఇప్పుడూ అనను.”

“అనకపోతే పంపించేస్తారే!”

“ఎవరు పంపిస్తారో నేనూ చూస్తాను. వాళ్లది విశ్వాసం. మీరడిగేది విధేయత. రెండూ ఒకే తాను గుడ్డ కాదు.”

ఆ మధ్యాహ్నం మాస్టారికి పాఠం మీద మనసు నిలవలేదు. కారులో నేర్చుకునేవాడు గేరు మార్చి మార్చి అలసిపోతుంటే, ఆయన మాత్రం ఇంటి తలుపు తీస్తే లోపల ఎవరూ లేచి రాని సాయంత్రాన్ని ఊహించుకుంటున్నారు. ఆ ఊహకి ఎంత బలంగా బ్రేకు వేశారంటే, వెనకాల వస్తున్న సైకిలతను అద్దం దగ్గరికొచ్చి నాలుగు తిట్లు తిట్టి మరీ వెళ్లాడు.

ఆ కుదుపులోనే ఆయనకి ఆలోచన తట్టింది. కుక్కలు చెప్పింది చెయ్యవు. సరే. కానీ రోజూ ఏవో పనులు చేస్తూనే ఉన్నాయిగా? అవి ఎలాగూ చెయ్యబోయే పనినే, అర నిమిషం ముందు గట్టిగా చెబితే? ముందు ఆజ్ఞ, వెనకాల అలవాటు. చూసేవాళ్లకి అలవాటు కనబడదు, ఆజ్ఞే వినబడుతుంది!

మంగళవారంనించీ ఇంటికి రాగానే, స్టూడెంట్ల హాజరు రాసే పుస్తకంలో మూడు గడులు గీసి నోటు చేసుకున్నారు. సమయం, వాహనం (అంటే ఏ కుక్కో), చేసిన పని. మూడు రోజుల్లో లెక్క తేలిపోయింది. సరిగ్గా ఆరింటికి అధ్యక్షురాలు హాల్లో కూర్చుంటుంది, వెనకే చూద్దాం. ఆరూ నాలుగుకి ఇద్దరూ వరండాలోకి వస్తారు. ఆరూ ఏడుకి మిషన్ దగ్గరికెళ్లి ఆగుతారు. కూర్చో, రా, ఆగు! దేవుడే వచ్చి సిలబస్ రాసిచ్చినట్టుంది. పరీక్ష ఆరింటికే!

గురువారం రాత్రి భోజనాల ముందు ఆవిడ ఆ పుస్తకం తిరగేసింది. ఒక పేజీ చూసింది. మాస్టారి మొహం చూసింది. మళ్లీ పేజీ చూసింది.

“బాగుందండీ. ఒక గడి తక్కువైంది.”

“ఏ గడి?”

“తెలుస్తుందిలెండి.”

“ఎలాగూ చేసే పనే చెయ్యమని చెప్పడం మోసమంటావా?”

“ఛ, మోసమెందుకవుతుంది? పరిపాలన అంటారు దాన్ని.”

శనివారం రిహార్సలు. మాస్టారు ఇంటికొచ్చి, బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకుంటూ, గడియారం చూసి “కూర్చో!” అన్నారు. అధ్యక్షురాలు కూర్చుంది. టీ కప్పుతో వరండాలోకి నడుస్తూ “రా!” అన్నారు. ఇద్దరూ వచ్చారు. మిషన్ దగ్గర నిలబడి “ఆగు!” అన్నారు. ఆగారు. మాస్టారి ఛాతీ ఎంత పొంగిందంటే చొక్కా రెండో బొత్తాం ఎగిరి దారాల డబ్బాలో పడింది. ఆవిడ మారు మాట్లాడకుండా దాన్ని మళ్లీ కుట్టిచ్చింది.

ఆదివారం ఖాళీ జాగాలో కుర్చీలు వేశారు. మొదటి వరసలో పళ్ల డాక్టరు, మొదటి అంతస్తు నర్సమ్మ. రెండో వరసలో సర్క్యులర్‌గారి భార్య. ముందు బల్ల దగ్గర, అట్ట మీద కాగితం పెట్టుకుని సర్క్యులర్‌గారు. ఆయన పక్కన మాస్టారు, తెల్ల చొక్కా, పాలిషు బూట్లు, మెళ్లో ఈల, నిటారుగా, కొత్తగా పాతిన స్తంభంలా.

ఆవిడ మెట్ల మీదనించి వచ్చింది. మెడలో కొలత టేపు. వెనకాల ఇద్దరూ గొలుసూ తాడూ లేకుండా, పిలుపు అందుకున్న అతిథుల్లా దిగొచ్చారు.

ఆరు కొట్టింది.

“కూర్చో!”

అధ్యక్షురాలు ఆయనవంక చూసింది. చూద్దాం కూడా చూశాడు. కూర్చోలేదు. ఈయనకేమైనా ఒంట్లో బాగాలేదా అన్నట్టు ఇద్దరి నుదుళ్లూ ముడిపడ్డాయి.

“కొంచెం టైము తీసుకుంటారు సార్. ఇంజను వేడెక్కాలి” అన్నారు మాస్టారు.

సర్క్యులర్‌గారు ఏదో రాసుకున్నారు. ఆరూ నాలుగయింది.

“రా!”

రాలేదు. మాస్టారికి చెమట పట్టింది. కుడికాలు దానంతటదే లేచి నేలని ధన్‌మని తొక్కింది. బల్ల మీది గ్లాసు దొర్లింది. ఏదీ ఆగలేదు, ముఖ్యంగా జనం నవ్వు.

“రెండు తప్పాయి” అన్నారు సర్క్యులర్‌గారు.

మాస్టారికి కళ్లు తిరిగాయి. వెనకనున్న కుర్చీలో కూలబడిపోయారు.

అధ్యక్షురాలు వెంటనే వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. చూద్దాం పక్కన కూర్చున్నాడు.

“కూర్చుంది సార్! కూర్చున్నాడు!” మాస్టారు ఎగిరి లేచారు. వాళ్లూ లేచారు. “అయ్యో, కూర్చో!” కంగారులో తనే కూర్చున్నారు. వాళ్లూ కూర్చున్నారు. లేచారు. లేచారు. కూర్చున్నారు. కూర్చున్నారు. మూడోసారికి అది బళ్లో గుంజీల లాగా తయారైంది. పళ్ల డాక్టరు కుర్చీ చేతులు పట్టుకుని, తన పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

“ఏమిటిదంతా?” అన్నారు సర్క్యులర్‌గారు.

ఆవిడ ముందుకొచ్చింది. “ఏమండీ, మీ పుస్తకంలో నాలుగో గడి గీయలేదు. ఆ టైముకి మీరేం చేస్తున్నారో రాసే గడి.”

“నేనా?”

“ఆరింటికి మీరు బల్ల మీద కూర్చుని బూట్లు విప్పుతారు. వాళ్లు ఎదురుగా కూర్చుంటారు. ఆరూ నాలుగుకి మీరు టీ పట్టుకుని వరండాలోకి వెళతారు. వాళ్లూ వస్తారు. ఆరూ ఏడుకి నా మిషన్ దగ్గరికొచ్చి ఆ రోజు గొప్పలు మొదలుపెడతారు. పాపం, అదీ నిలబడి వింటారు. మీరు రాసుకున్నది వాళ్ల టైంటేబుల్ కాదు, మీది. ఆరేళ్లుగా మీరు ఇంటికి రాగానే మీ వెంటే ఉంటున్నారు వాళ్లు.”

మాస్టారు చెయ్యి చాచి అధ్యక్షురాలి తల మీద పెట్టబోయి, మధ్యలో ఆపి, ఆవిడ అనుమతి కోసం చూశారు. అధ్యక్షురాలే తల కొంచెం ముందుకి జరిపింది.

“మంచిదమ్మా, చూడముచ్చటగా ఉంది. కానీ మాట మాత్రం వినవు. అంతేనా?” అన్నారు సర్క్యులర్‌గారు.

“అంతే. వినరు.”

“అయితే ఫెయిలు. సంతకం ఉంది. రేపు పొద్దున్నకి ఖాళీ చెయ్యాలి.”

నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ మెడలోంచి టేపు తీసి చేతికి చుట్టుకుంది.

“వీళ్లు ఎవరి మాటా వినరు సార్. ఆరేళ్లలో ఎవర్నీ కరవలేదు, అదీ ఎవరి మాటా వినకుండానే. కరవొద్దని వీళ్లకి ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు. నర్సమ్మగారు డ్యూటీ దిగి వస్తుంటే చూద్దాం సందు చివరిదాకా ఎదురెళ్లి తీసుకొస్తాడు. ఎవరు చెప్పారు? ఏ సర్క్యులర్లో ఉంది? చెప్పింది చేసేవాళ్లే కావాలంటే లిఫ్టుంది, అందులో బొత్తాలున్నాయి, నొక్కుకోండి. మా ఇంట్లో ఎవరికీ బొత్తాలు లేవు.”

“రూలు రూలేనమ్మా. ఖాళీ చెయ్యాలి.”

“చేస్తాం. నలుగురం.”

“నలుగురా?” అన్నారు సర్క్యులర్‌గారు. “నలుగురా?” అన్నారు మాస్టారు కూడా, అప్పుడే తెలిసినట్టు.

“వాళ్లు వెళితే నేనూ వెళతాను. నేను వెళితే నా మిషన్ వస్తుంది. డాక్టరుగారూ, నడుము వదులు చెయ్యమని మీ పాంట్లు రెండూ ఇచ్చారు. రెండూ విప్పేసి ఉన్నాయి. ఎలా ఉన్నవి అలాగే ఇచ్చేస్తాను.”

పళ్ల డాక్టరు పళ్లు లోపలికి వెళ్లిపోయాయి.

“నర్సమ్మగారూ, మీ కొత్త యూనిఫారాలకి ఇంకా జేబులు పడలేదు. సెక్రటరీగారూ, ఎల్లుండి మీ పాత ఆఫీసులో సన్మానానికి మీ కోటు...”

“ఏమైంది నా కోటుకి?”

“ఒక చెయ్యి అతికాను.”

“మరి రెండోది?”

“చూద్దాం” అంది ఆవిడ.

పక్కన నల్లటివాడి నిలువు చెవి ఒకసారి కదిలింది.

“ఇది బెదిరింపు!” అరిచారు సర్క్యులర్‌గారు.

“కాదు సార్. మీరు మీ రూలు చెప్పారు, నేను నా నిర్ణయం చెప్పాను. ఉండమంటే ఉండేదాన్ని కాదు, పొమ్మంటే పోయేదాన్నీ కాదు. ఉండాలనిపిస్తే ఉంటాను. ఈ ఇద్దరి దగ్గరే నేర్చుకున్నాను.”

నర్సమ్మ లేచి నిలబడింది. “వాళ్లు వెళ్లడానికి నేను ఒప్పుకోను.” పళ్ల డాక్టరు, ఉన్న ఒక్క పాంటూ పైకి లాక్కుంటూ లేచాడు. “నేనూ ఒప్పుకోను!” వరసలు వరసలే లేచాయి.

“అందరూ కూర్చోండి!” అన్నారు సర్క్యులర్‌గారు.

ఒక్కరు కూర్చోలేదు.

“కూర్చోండి అంటున్నాను!”

రెండో వరసలోంచి ఆయన భార్య మెల్లగా అంది. “ఏమండీ, ఇక చాలు. మీరు కూర్చోండి.”

సర్క్యులర్‌గారు కూర్చున్నారు.

“ఒక్క మాటకే!” కేకేశాడు పళ్ల డాక్టరు. “ఇవ్వండి లైసెన్సు!”

ఆ నవ్వు సద్దుమణిగేదాకా సర్క్యులర్‌గారు కాగితాన్ని మడతలు పెడుతూనే ఉన్నారు. ఇక మడతపడనంత చిన్నదయ్యాక జేబులో వేసుకుని, “పరీక్ష రద్దు. సర్క్యులరు రేపు అతికిస్తాను” అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. “అమ్మా, ఆ చెయ్యి...”

“రేపు సాయంత్రానికి రెండు చేతులూ ఉంటాయి సార్.”

అందరూ వెళ్లిపోయారు. కుర్చీల మధ్య మాస్టారు ఒక్కరే మిగిలారు, రెండు కుక్కలతో, ఒక భార్యతో.

“నీకు గురువారమే తెలుసన్నమాట.”

“పేజీ చూడగానే.”

“చెప్పొచ్చుగా! ముప్పైమంది ముందు గుంజీలు తీయించావు!”

“చెబితే మీరు దర్జాగా కుర్చీలో కూర్చుని పాస్ చేయించేసేవారు.”

“మంచిదేగా?”

“ఏం మంచిది? ఇవాళ కూర్చోవడం పాసైతే వచ్చే నెల దొర్లడం పెడతారు. ఆపై నెల చెయ్యి ఇవ్వడం. వాళ్లు పాసై ఇక్కడ ఉండకూడదండీ. ఫెయిలయ్యి, ఫెయిలయ్యామని అందరికీ తెలిసి, అయినా ఉండాలి.”

మాస్టారు ఆలోచించారు. తను వారం రోజులు పన్నిన పన్నాగం పరీక్ష పాసవడానికైతే, ఈవిడ నోరు మెదపకుండా పన్నింది పరీక్షనే లేకుండా చెయ్యడానికి. ఆ పన్నాగంలో మొదటి వాహనం తనే. ఒళ్లు మండింది.

“అయితే నేనూ స్వతంత్రుణ్ణే!” అన్నారు కుర్చీలో గట్టిగా సర్దుకుని. “ఇవాళ్టినించి నేను కూడా ఎవరు పిలిచినా రాను. ఆజ్ఞలు నా దగ్గర చెల్లవు. ఇక్కడే కూర్చుంటాను, నా ఇష్టం వచ్చినంత సేపు!”

“ఎవరు పిలిచారు?” అని ఆవిడ మెట్లవైపు నడిచింది.

చూద్దాం ఆవిడ వెనకాల వెళ్లాడు. అధ్యక్షురాలు కాసేపు మాస్టారి ఎదురుగానే ఉండి, లేచి, ఒళ్లు విరుచుకుని, మెట్ల దాకా నడిచి, అక్కడ ఆగి ఒక్కసారి వెనక్కి చూసింది. మొరగలేదు. తోక ఊపలేదు. చూసి, పైకి ఎక్కడం మొదలుపెట్టింది.

మాస్టారు ఆ ఖాళీ జాగాని నాలుగువైపులా ధిక్కారంగా చూశారు. ధిక్కరించడానికి అక్కడ కుర్చీలు తప్ప ఎవరూ లేరు. ఆయన లేచి, చొక్కా దులుపుకుని, గబగబా మెట్లవైపు నడిచారు. ఎవరో రమ్మన్నారని కాదు. సరిగ్గా అప్పుడే ఆయనకీ పైకి వెళ్లాలనిపించింది.